కమాను మీద పేర్లు

సికింద్రాబాద్ కార్ఖానా పేటలోని ఏసీ ఫంక్షన్ హాల్లో, సాయంత్రం నాలుగింటికల్లా స్పెయిన్ దేశపు ఊరొకటి లేచి నిలబడింది. అంతా థర్మోకోల్, పైన ప్లాస్టర్, ఆపైన రాతి రంగు. మర్నాడు అక్కడ ఎవరిదో రిసెప్షన్. పెళ్లి మండపాలు అలంకరించే దయాకర్ పోయినేడాది టూర్ బస్సులో ఆ ఊరు వెళ్లి, అరబ్బు రాజుల కాలపు కోటగోడ పక్కన గంటన్నర గడిపాడు. అందులో గంట తన ఫొటోలకే సరిపోయింది. అయినా అలాంటి కట్టడాల గురించి సికింద్రాబాద్ మొత్తంలో తనకొక్కడికే తెలుసని అతగాడి నమ్మకం. పనివాళ్లను పురుగుల్లా చూడటం ముందే అలవాటు. ఇప్పుడు దానికో సాకు కూడా దొరికింది.

ఊరి ద్వారం పైన కమాను ఉంది. దయాకర్ తెచ్చిన ఫొటో చూసి దాని మీది చెక్కడాన్ని దించినవాడు హుస్సేన్. రెజిమెంటల్ బజార్‌లో సమాధి పలకలు చెక్కే ముసలాయన.

"సార్, ఇది డిజైన్ కాదు, అరబ్బీ రాత," అన్నాడు హుస్సేన్. "చదవొస్తది గానీ నాకు అర్థం తెల్వదు. పేర్లు మాత్రం తెలుస్తున్నయి. ఫలానాయన కొడుకు ఫలానాయన అని వరసగా ఉన్నయి. ఆఖర్ల జెర జాగా ఖాళీ ఇడిసిండ్రు."

"నాలుగక్షరాలు వస్తే పండితుడివా?" అన్నాడు దయాకర్. "ఆ ఖాళీల నా పేరెక్కియ్యి. గదే రాతల."

"బతికున్నోళ్ల పేరు మేం పలక మీద చెక్కం సార్. పలక మీద పేరెక్కితే బతికున్నోళ్లల్ల మీ జాగా ఖాళీ అయితది."

"చెప్పింది చెయ్. లేకుంటే సామాన్ సర్దుకో."

హుస్సేన్ ఉలి అందుకుని చెక్కాడు. చేతులు కడుక్కుని నమాజుకి వెళ్లిపోయాడు. ఊడ్చే పుష్పమ్మ బయట మెట్ల మీద కూర్చుంది.

తన పేరు కింద సెల్ఫీ తీసుకుందామని దయాకర్ ద్వారంలోకి అడుగు పెట్టాడు. లోపల ఉన్నది నాలుగడుగులే, తర్వాత హాలు గోడ. అప్పుడే కరెంటు పోయింది. కిటికీలు లేని హాలు. చేతిలో ఫోన్ కూడా ఆరిపోయింది.

రంగు వాసన లేదు. తడిరాయి వాసన, మాడిన నూనె వాసన, ఏళ్ల తరబడి ఉతకని కంబళి వాసన వచ్చింది. గోడ కోసం చెయ్యి చాచి నడిచాడు. నాలుగడుగులు... పది... ఇరవై. గోడ రాలేదు. పక్కన తగిలింది థర్మోకోల్ కాదు. చల్లటి రాయి.

ఎవరో పేర్లు చదువుతున్నారు. బడిలో హాజరు వేసినట్టు, తాపీగా. ఒక్కో పేరుకి చీకట్లోంచి ఒక్కో గొంతు పలుకుతోంది. దూరంగా... కాస్త దగ్గరగా... ఇంకా దగ్గరగా...

"దయాకర్."

రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అంత నోరున్న మనిషికి ప్రాణభయం పట్టుకుంది.

"ఉన్న," అన్నారెవరో. అతని పక్కనే. అతని గొంతుతోనే.

లైట్లు వెలిగాయి. వెనక్కి తిరిగితే ద్వారం కనబడింది. పరుగెత్తాడు. ఎంత పరుగెత్తినా అది నాలుగడుగుల దూరంలోనే ఉంది. దానికి అవతల, తన చొక్కాతో, తన ఫోన్‌తో, ఒకడు వీపు తిప్పి నిలబడ్డాడు. హుస్సేన్ తిరిగొచ్చాడు.

"హుస్సేన్ భాయ్, అలిసిపోయిండ్రు. రాండ్రి, ఛాయ్ తాగుదాం," అన్నాడు వాడు.

ముసలాయన బిత్తరపోయాడు. వెంటనే ముఖం విప్పారింది.

"ఇయ్యాల సారు మంచిగ మాట్లాడుతుండు," అంది పుష్పమ్మ, లోపలికొచ్చి చీపురు అందుకుంటూ.

"వాడు నేను కాదు," అని దయాకర్ గొంతు చించుకున్నాడు. ఎవరూ ఇటు చూడలేదు.

ఫోన్ మోగింది. భార్య కల్పలత. వాడు ఎత్తి స్పీకర్‌లో పెట్టాడు.

"కల్పా, వస్తున్న. తిన్నవా?"

పన్నెండేళ్ల కాపురంలో దయాకర్ ఆ మాట ఒక్కసారీ అడగలేదు.

"తిన్న. జల్ది రా," అంది కల్పలత నవ్వుతూ. "పాప లేచింది. నిన్నే అడుగుతుంది."

దయాకర్‌కి పిల్లలు లేరు. కమాను అవతలి వాడికి ఉన్నారు.