తలుపు కింద కవరు

"అమ్మా! ఇదెప్పుడొచ్చింది?"

హాస్టల్ నుంచి వచ్చి, తాళం తీసి లోపల అడుగు పెట్టగానే ఆరాధన కాలికి తగిలింది ఆ పెద్ద కవరు. ఆత్రంగా చింపింది. తను ఎదురుచూస్తున్న ఎమ్మెస్సీ అప్లైడ్ ఫిజిక్స్ దరఖాస్తు ఫారం! చివరి తేదీ కోసం కాగితం తిరగేసింది. మార్చి ముప్పై ఒకటి, 2002... ఇవాళ ఏప్రిల్ మూడు!

వెనకే వచ్చిన వీరమ్మ గుమ్మంలోనే కూలబడింది. అయ్యో దేవుడా... మూడంటే మూడు రోజులా!

మిరపకాయల కాలం వచ్చిందంటే వినుకొండ పక్కన ఆ ఊళ్లో సగం ఇళ్లకి తాళాలే. కాయలు ఎండేదాకా కాపురమంతా కల్లంలోనే. భర్త దానయ్య పోయాక కూడా కౌలు చేను వదలకుండా, కూతుర్ని గుంటూరులో బీయస్సీ చివరి ఏడాది దాకా లాక్కొచ్చింది వీరమ్మ. కాయని చెవి దగ్గర ఆడించి, గింజలు గలగలమంటేనే ఎండినట్టు లెక్క ఆమెకి. కాయలో తేమ ఎంతుందో చెప్పే యంత్రం ఒకటి చేసి అమ్మ చేతిలో పెట్టాలని, అందుకు ఈ చదువే కావాలని ఆరాధన ఎన్నాళ్లుగానో కలలు కంటోంది! ఆ కవరు కోసమే వీరమ్మ రోజూ పొద్దుగూకే వేళ ఇంటికొచ్చి చూసుకునేది. పోయిన వారం మాత్రం అకాల వాన! కాయల మీద పట్టాలు కప్పడం, తియ్యడం, బూజు పట్టినవి ఏరడం... ఆమె కల్లం దాటితేగా!

"హాస్టల్లో ఉత్తరాలు పోతున్నాయని నిన్ను నమ్మి ఇంటి అడ్రసు ఇచ్చానమ్మా! పోస్టుమాన్ రంజాన్ బాబాయి రోజూ కల్లం పక్క నుంచేగా పోయేది? అక్కడే ఇమ్మంటే ఏం పోయింది? నీకు ఆ మిరపకాయలే ఎక్కువ! నా బతుకు ఏమైపోయినా..."

కవరు పట్టుకునే ఏడ్చేసింది.

"నాదే తప్పు తల్లీ..." అంది వీరమ్మ. ధారగా నీళ్లు కారుతున్నా చేతులు కళ్ల దాకా పోలేదు. కాయలేరిన చేత్తో కళ్లు తుడుచుకుంటే ఇంకేమన్నా ఉందా! చెంపని భుజానికి రాసుకుంది.

అరుపులు విని వీధిలో సైకిలు ఆగింది. రంజాన్! ఆరాధన చేతిలో కవరు చూడగానే ఆయనకి సంగతి అర్థమైపోయింది.

"అమ్మని అనమాకమ్మా. నీ కాయితాలేమొచ్చినా కల్లంలోనే ఇస్తానని ముందే అన్నాను. ఆమే వద్దంది. పోయినేడు నీ మార్కుల కాయితం అక్కడే ఇచ్చాను గదా, కారం చేతులంటి ఎర్రగా మరకలు పడ్డాయి. అప్పుడు నువ్వేదో అన్నావంట. 'నా చెయ్యి దాని కాయితాలకి తగలకూడదన్నా, తలుపు కింద నుంచి ఇంట్లోకి తోసెయ్' అని ఒట్టేయించుకుంది. రోజూ వచ్చి చూసుకుంటుంది గదా అని, కవరొచ్చిందని నేనూ చెప్పలేదు."

ఆరాధనకి గుర్తొచ్చింది. అవును, అన్నది తనే... 'ఆ చేతులతో నా కాగితాలు ముట్టుకోవద్దు!' అని విసుక్కుంది. ఆ సాయంత్రానికే మరిచిపోయింది కూడా. అమ్మ మరవలేదు.

చున్నీ తడిపి తెచ్చి తల్లి కళ్లు తుడిచింది.

"నేనొచ్చి ఆ కాలేజీ వాళ్ల కాళ్లు పట్టుకుంటే తీసుకుంటారేమో..."

"గడువు దాటితే తీసుకోరమ్మా. ఈ ఏడాదికి ఏదో ఒక స్కూల్లో పాఠాలు చెప్పుకుంటాలే."

ఆ గొంతులో జీవం లేదు. ఏడాదైతే నిజంగానే పోయింది. వచ్చే ఏడు సీటొస్తుందని ఎవరు చెప్పొచ్చారు! ఆరాధన ఫారం తీసి తల్లి చేతిలో పెట్టింది.

"వద్దే, మరక పడుద్ది!"

"పడనియ్యమ్మా. బాబాయ్, వచ్చే ఏడు ఫారం కల్లంలోనే ఇవ్వు. మా అమ్మ చేతికే ఇవ్వు!"

వీరమ్మ దాన్ని వేళ్ల చివర్లతో భయంభయంగా పట్టుకుంది. పేరు రాయాల్సిన గడి పక్కన ఎర్రగా బొటనవేలి ముద్ర పడింది. ఈసారి ఆరాధన విసుక్కోలేదు.