బతిమాలితే వెలిగే లైటు

"హాల్లో లైటు వెయ్యి," అన్నాడు తండ్రి పొద్దున్నే, బల్ల మీది గుండ్రటి స్పీకరుతో. లైటు వెలగలేదు. "వెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది," అన్నాడు. ఊహూఁ.

"స్విచ్చి నొక్కితే వెలిగేదాన్ని లైటంటారు. బతిమాలితే వెలిగేదాన్ని ఏమంటారో నాకు తెలీదు."

ముప్పై ఏళ్లు కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి ఆయన. కూతురేమో నిక్షేపంలాంటి ఉద్యోగం మానేసి, ఇళ్లకు వైర్‌లెస్ లైట్లు, కర్టెన్లు బిగించే పని మొదలుపెట్టింది. సొంతిల్లే నమూనా. పది గంటలకు మొదటి కస్టమరు, పళ్ల డాక్టరమ్మ, చూడ్డానికి వస్తోంది. వారం నుంచీ రోజూ పొద్దున ఇవన్నీ మొరాయించడం, సాయంత్రానికి వాటంతటవే బాగుపడటం.

"యాప్‌లో తప్పేం కనిపించట్లేదు నాన్నా," అంది కూతురు సోఫాలోంచి.

"ఉద్యోగం మానొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. విన్నావా?"

"ఎన్నిసార్లంటావు ఆ మాట? నేను ఓడిపోతే చూడాలనుందా నీకు?" ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. "డాక్టరుగారిని రావద్దని చెప్పేస్తాలే."

ఆయన మనసు చివుక్కుమంది.

"లేమ్మా. లైను పోతే లోపం కూర్చున్నచోట దొరకదు. స్తంభం స్తంభం నడవాలి."

ఫోన్లో సిగ్నల్ గీతలు చూస్తూ ఇద్దరూ గది గదీ నడిచారు. వైఫై పెట్టె ఉన్న వెనక గదిలో కూడా ఒక్క గీతే ఉంది. బీరువా పైకి చూస్తే పెట్టె కనబడలేదు, బోర్లించిన పెద్ద స్టీలు డబ్బా ఉంది. దాని కిందనుంచి రెండు వైర్లు బయటికొస్తున్నాయి.

"ఊడ్చేముందు నేనే మూస్తున్నా," అంది తల్లి, చీపురుతో గుమ్మంలో నిలబడి. "సాయంత్రం తీస్తున్నాగా! అమ్మాయి సామాను దుమ్ముకొట్టుకుపోయిందని ఎవరైనా అంటే?"

కూతురికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. డబ్బా తీసిన కాసేపటికి, చెప్పగానే హాల్లో లైట్లన్నీ వెలిగాయి.

పదింటికి వచ్చిన డాక్టరమ్మ అన్నీ చూసి, "ఇవి మధ్యమధ్యలో పనిచెయ్యవట కదా?" అని అడిగింది. "అబ్బే," అనబోయాడు తండ్రి.

"ఈ పొద్దున కూడా ఆగిపోయాయండి," అంది కూతురు. "వైఫైకి స్టీలు డబ్బా అడ్డొచ్చింది. వారం పాటు ఫోన్లోనే వెతికాను, ఇల్లు తిరిగి చూడలేదు. తప్పు నాదే. మీ ఇంట్లో గది గదీ నడిచి చూశాకే ఏదైనా బిగిస్తాను."

అమ్మ ఊసే ఎత్తలేదు.

"ఆదివారం వచ్చి నడవండి," అంది డాక్టరమ్మ.

తండ్రి గబగబా వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు. "విన్నావా? ఎంత ధైర్యంగా నిజం చెప్పిందో మన పిల్ల!" అన్నాడు అక్కడున్న భార్యతో.

"విన్నాను. నాకు చెప్పి ఏం లాభం? దానికి చెప్పండి."

ఆయన తిరిగి హాల్లోకొచ్చి, డాక్టరమ్మ ముందే కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"ఉద్యోగం మాట ఇంకెప్పుడూ ఎత్తనమ్మా. నిన్ను చూస్తే గర్వంగా ఉంది."