వదలమనే దెబ్బ

మధ్యాహ్నమే మబ్బు దిగి, షెడ్డులో లైటు వేయాల్సి వచ్చింది. మెకానిక్ ముందున్న తెల్ల కారు ఒక టీచరమ్మది. ఇంజను లైటు వెలిగి ఆరడం లేదని వదిలి వెళ్లింది. స్కానర్ తగిలిస్తే రెండో సిలిండరులో మంట సరిగా అందుకోవడం లేదని కోడు వచ్చింది. తప్పు నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌దే అయ్యుంటుందని ఆయన అనుమానం.

కొత్త కాయిల్ తేవడానికి కూతురు బయల్దేరింది. ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే కాబట్టి తండ్రి మీద అజమాయిషీ అంతా ఆ పిల్లదే. గొడుగు విప్పుతూ, షట్టరు కింద ఊతంగా నిలబెట్టిన ఇనప కడ్డీని కాలితో తట్టి చూసింది.

"ఇది మాత్రం తీయకు నాన్నా. జల్లు కొట్టినా సరే."

"నాకు చెప్పాలా తల్లీ," అన్నాడు.

చెప్పక్కర్లేదు. పోయిన వానాకాలం ఇక్కడే ఆయన బానెట్ దగ్గర, భార్య డ్రైవరు సీట్లో. ఇంజను మోతలో మాట వినబడదని వాళ్లకొక ఒప్పందం ఉండేది. కారు రేకు మీద రెండు దెబ్బలు కొడితే యాక్సిలరేటర్ తొక్కాలి, ఒక దెబ్బ కొడితే వదలాలి. ఆ రోజు రెండు కొట్టి, పానా ఏదో కావాల్సొచ్చి పక్క షాపుకి పరుగెత్తాడు. గాలికి షట్టరు దిగిపోయింది. తిరిగొచ్చి ఎత్తేసరికి లోపలంతా పొగ, ఆవిడకి ఊపిరి లేదు, కాలు మాత్రం పెడల్ మీదే ఉంది. వదలమని ఎవరూ చెప్పలేదు మరి. గీసిన గీత దాటని మనిషి.

కూతురు వచ్చేలోగా అనుమానం తీర్చుకుందామని రెండో కాయిల్‌నీ మూడో కాయిల్‌నీ అటూ ఇటూ మార్చి, కోడు చెరిపేసి, ఇంజను వేశాడు. కాయిల్‌దే తప్పయితే ఈసారి కోడు మూడో సిలిండరుకి మారాలి. దానికి కొంచెం రేస్ ఇవ్వాలి. అలవాటు పాడుగాను, చెయ్యి రేకు మీద రెండుసార్లు కొట్టింది.

ఇంజను లేచింది.

ముందు కాస్త... ఆగి... తర్వాత గట్టిగా. ఆవిడ తొక్కినట్టే.

సీటు ఖాళీ. స్కానర్ చూశాడు. ఇంజనుకి గాలి వదిలే మూత ఇరుక్కుని ఉంటే పెడల్ ఎంత నొక్కారో చూపే అంకె సున్నాలోనే ఉండాలి. అంకె పెరుగుతోంది... పెడల్‌ని ఎవరో నిజంగానే తొక్కుతున్నారు. మోకాలి నొప్పికి ఆవిడ రాసుకునే మందు వాసన గుప్పుమంది.

భయం కన్నా దుఃఖం ముందొచ్చింది. అప్పట్నుంచీ తొక్కుతూనే ఉందా?

"చాలు... ఇక వదిలెయ్," అని గొణిగి, ఒక్క దెబ్బ కొట్టాడు. అంకె మెల్లగా సున్నాకి దిగింది. వాసన పోయింది. వదలమన్నది తనే, తీరా వదిలేస్తే ఓర్చుకోలేకపోయాడు.

"వెళ్లిపోకే," అన్నాడు.

ఇంజను ఆపుదామని సీట్లో కూర్చుని తాళం మీద చెయ్యి వేశాడు.

ఎత్తిన బానెట్ అవతల, రేకు మీద... టక్. టక్.

కాలు దానంతటదే పెడల్ తొక్కింది. వెనకాల ఇనప కడ్డీ దొర్లిన చప్పుడు. షట్టరు దడదడ. పొగ. తల బరువెక్కుతోంది... కాలు తీయలేదు. వదలమనేదాకా ఆవిడ ఆగింది, తను ఆగలేడా?

షట్టరు ఎత్తి, ఇంజను ఆపి, చంకల కింద చేతులేసి వానలోకి ఈడ్చింది కూతురే. కడ్డీ ఎందుకు తీశావని ఏడుస్తూ తిట్టింది. తీయలేదంటే నమ్మలేదు. నువ్వూ పోతే నాకెవరున్నారు నాన్నా అంది.

షెడ్డు వెనకే ఇల్లు. కుర్చీలో కూర్చోబెట్టి తల తుడుస్తూ ఆ పిల్ల కిందికి చూసింది. ఆయన కుడి కాలు నేలని అదిమి పట్టి ఉంది. రెండు చేతులా లాగినా రాలేదు.

"కాలు తీయి నాన్నా."

"ఇంకా వదలమనలేదమ్మా."

ఆ ఒప్పందం ఆ పిల్లకీ తెలుసు. బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టింది. కాలు కదల్లేదు.

"నువ్వు కాదు తల్లీ," అన్నాడు.

కారులోంచి ఆ పిల్ల లాగి తెచ్చిన తాళం బల్ల మీదే ఉంది. గోడ అవతల షెడ్డులో ఇంజను లేచింది. ముందు కాస్త... ఆగి... తర్వాత గట్టిగా.