ఆత్మకూరులో గొంతు దొంగలు

"బిక్కి చెక్క గరిటెలు ఉండాయా?" అని అడిగింది రజిత.

ఉదయగిరిలో చెక్క సామాన్లు చేసే బర్కతుల్లా ఉలి ఆపకుండానే తలెత్తి చూశాడు.

"గరిటెలకు గిరాకీ లేదమ్మా. దువ్వెనలే ఉండాయి."

"పేలు కూడా ఉండాయి. ఒకటియ్యి."

కోడ్ సరిపోయింది. బర్కతుల్లా గడ్డంతో వెనక గది చూపించాడు.

అక్కడ రంపపు పొట్టు మధ్య స్టూలు మీద కూర్చుని మిరపకాయ బజ్జీ తింటున్నాడు నరసింహ. పేరు బయటికి రాని ఒక గూఢచారి విభాగానికి సౌత్ జోన్ చీఫ్. రజితకు బాస్. నూనె చేత్తోనే ఒక ఫోటో ముందుకు తోశాడు. ఫోటోలోని మనిషి నుదుటి మీద మరక పడింది. రజిత దాన్ని చీర చెంగుతో తుడిచింది.

"పెంచలప్రసాద్. ఈ ఊరివాడే. తూర్పు తీరంలో రాకెట్ ప్రయోగాలకు సేఫ్టీ ఆఫీసర్. రేపు ఉదయం డిఫెన్స్ శాటిలైట్ పైకి వెళ్తోంది. రాకెట్ దారి తప్పితే గాల్లోనే పేల్చెయ్యమని ఆర్డరిచ్చేది ఇతనే. నోటితో ఇవ్వాలి. ఇతని గొంతులో మూడు మాటల పాస్‌వర్డ్ వినిపిస్తేనే సిస్టమ్ కదులుతుంది. దోనె, వేకువ, గంధం."

"ఆ గొంతు ఎవరికి కావాలి?"

"విదేశీ ముఠాకి. ఫైల్లో పేరు కోరల్. పాస్‌వర్డ్ వాళ్ల చేతికి చిక్కింది. గొంతు చిక్కలేదు. ఫోన్లో విన్న గొంతుకు నకలు చేస్తే సిస్టమ్ పట్టేస్తుంది. ఆ మూడు మాటలూ ఇతని నోట, మంచి మైకులో, శుభ్రంగా రికార్డవ్వాలి. అందుకే ఈ సాయంత్రం ఆత్మకూరు కళాకేంద్రంలో ఇతని ఉపన్యాసం, సన్మానం."

"పాస్‌వర్డ్ మార్చెయ్యచ్చు కదా సార్."

"మారిస్తే ముఠా జారిపోతుంది. ఆ రికార్డింగ్ తీసుకోవడానికి వచ్చేవాడు మనకు కావాలి."

"పెంచలప్రసాద్ గారికి చెప్పారా?"

"ఎరకు ఎవరైనా చెప్పి గుచ్చుతారా?" నరసింహ వేళ్లు నాక్కున్నాడు. "నువ్వు మేకప్ మనిషిగా వెళ్తున్నావు. ఇది నీ ఆయుధం."

బర్కతుల్లా చేసిన చెక్క దువ్వెన. లోపల డిటెక్టర్. రహస్య మైకుగానీ రికార్డర్‌గానీ దగ్గర్లో ఉంటే చేతిలో సన్నగా వణుకుతుంది.

"లోపల మన మనిషి ఉంది. సుస్మిత, డాన్సర్. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. గజ్జెలు బిగించనా అని అడుగు. ఎడమకాలికి ముందు అంటుంది."

*

రజిత ఆత్మకూరు చేరేసరికి కళాకేంద్రంలో సినిమా నడుస్తోంది. సోమశిల రిజర్వాయర్ కింద మునిగిపోయిన ఊళ్ల మీద తీసిన డాక్యుమెంటరీ. ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాలను వ్యాన్లో తీసుకొచ్చి, వెనక గోడకు ఆనించి నిలబెట్టారు. ముందు వరస కుర్చీలు ఖాళీ. వాటి మీద స్పాన్సర్ల కోసం తువ్వాళ్లు పరిచి ఉన్నాయి.

తెర మీద పెంకుటిల్లు ఒకటి కనపడగానే లిదియమ్మ అనే ముసలామె ముందుకొచ్చి ఆ కుర్చీల్లో కూర్చుంది. కేంద్రం అధ్యక్షుడు రామనారాయణ పరుగున వచ్చాడు. హాలుకు ఏసీలు, తెర, కుర్చీలు అన్నీ ఏదో విదేశీ ఫౌండేషన్ ఇచ్చింది. బదులుగా కార్యక్రమాల రికార్డింగులు అడిగింది. ఎందుకని ఆయన అడగలేదు.

"లెయ్యమ్మా. గెస్టులొస్తారు."

"అది మా ఇల్లు నాయనా. కనపళ్లేదని ముందుకొచ్చినా."

"అయిపోయినాక నీకూ ఫోటో తీస్తాంలే. పో."

ముసలామె లేచింది. రామనారాయణ ఆమె కూర్చున్న తువ్వాలు దులిపి మళ్లీ పరిచాడు. ఆ దులపడం చూసి రజితకు ఒళ్లు మండింది.

"ఏంది మే చూస్తా ఉండావు? గ్రీన్ రూమ్ ఆపక్క."

గ్రీన్ రూమ్ నిండా పాత పట్టుబట్టల చెమట కంపు, దాని మీద చల్లిన సెంటు వాసన. అద్దం ముందు సుస్మిత. ఆమె అందం పోస్టర్లలో చూసినదానికంటే ఎక్కువగానే ఉంది.

"గజ్జెలు బిగించనా?"

"ఎడమకాలికి ముందు."

రజిత పౌడర్ అద్ది, సవరం సర్దుతూ దువ్వెన ఆనించింది. దువ్వెన వణికింది. సవరం లోపల గట్టిగా ఏదో తగిలింది. రికార్డర్ ముఠా కుర్రాడెవరి జేబులోనో ఉంటుందనుకుంది గానీ, మన మనిషి జడలో ఉంటుందనుకోలేదు. సుస్మిత అదేమీ పట్టనట్టు చిన్న సీసా తీసి, బల్ల మీది తేనె నిమ్మరసంలో నాలుగు చుక్కలు వేసింది.

"ఏందమ్మా అది?"

"ఉపన్యాసం చెప్పే ఆయన గొంతుకి మందు. రేపు మైకు ముందు కూర్చునేసరికి గొంతూ ఉండదు, ఊపిరీ ఉండదు. లైన్లో ఆయన బదులు ఆయన రికార్డింగే మాట్లాడుతుంది." అద్దంలోంచి నవ్వింది. "అలా చూడకు. మీ బాస్‌ని అడుగు."

రజిత పెరట్లోకి వెళ్లి ఫోన్ చేసింది.

"సార్, సుస్మిత మన మనిషి కాదు."

"రెండువైపులా పనిచేస్తోంది. తెలుసు. అందుకే పనికొస్తుంది."

"గ్లాసులో విషం సంగతి?"

"తెల్లారేదాకా పనిచెయ్యదట. ఈలోపు విరుగుడు ఇచ్చేస్తాం."

"విరుగుడు ఉందా?"

"ఉందనే అంటున్నారు. రికార్డింగ్ చేతులు మారేదాకా నువ్వు కదలకూడదు. మేకప్ వెయ్యి. అదే ఆర్డర్."

రజిత కుళాయి తిప్పి మోచేతుల దాకా కడుక్కుంది. అయినా ఆ మాటలు ఒంటికి జిడ్డులా అంటుకునే ఉన్నాయి.

*

పెంచలప్రసాద్ స్టేజీ ఎక్కగానే ముందు వరస చూశాడు. స్పాన్సర్లలో ఒక్కడే వచ్చాడు, ఫౌండేషన్ బ్యాడ్జి పెట్టుకున్న సూటు మనిషి.

"ఆ కుర్చీలు ఖాళీగా ఉండాయి గదా," అన్నాడు మైకులో. "వెనక నిలబడినోళ్లు వచ్చి కూర్చోండమ్మా. మీరు కూర్చుంటేగాని నేను మొదలుపెట్టను."

రామనారాయణ ముఖం మాడిపోయింది. లిదియమ్మ మళ్లీ వచ్చి సూటు మనిషి పక్కనే కూర్చుంది. ఆమె వెనకే మిగతా అందరూ వచ్చారు.

"మాది ఉదయగిరి. చిన్నప్పుడు మా నాయన కొండ చూపించి, దానికంటే పైకి పోయేది ఏందిరా అని అడిగినాడు. గద్ద అన్నాను. ఆయన ఇప్పుడుంటే వేరే జవాబు చెప్పుండేవాణ్ణి."

హాలు నవ్వింది. తెర పక్కన నిలబడిన రజిత నవ్వలేదు. ఈ మనిషిని ఎరగా గుచ్చింది ముఠా ఒక్కటే అయితే ఆమెకు ఇంత రోత పుట్టేది కాదు. ఆర్డర్‌ను అక్కడే, మనసులోనే, పక్కన పడేసింది.

నాట్యం దుస్తుల్లో సుస్మిత స్టేజీ మీదికొచ్చి ఒక కాగితం అందించింది. గ్లాసు ఆయన చేతికి అందేంత దగ్గరగా పెట్టింది.

"మన పెన్న మీద కొత్త పాట సార్. మీ గొంతుతో ఒక్కసారి వినాలని అందరి కోరిక."

పెంచలప్రసాద్ కళ్లజోడు సర్దుకున్నాడు.

"దోనె కదిలింది తీరం విడిచి. వేకువ తాకింది నీటి అంచుని. కొండగాలి మోసుకొచ్చింది..."

ఇంకొక్క మాట. రజిత పౌడర్ డబ్బాతో స్టేజీ మీదికి నడిచింది. వందలమంది చూస్తుండగా ఆయన నోటి మీదుగా పఫ్ అద్ది, ఎడమచేత్తో కాలర్ మైకు పీకేసింది.

"చెమట సార్. కెమెరాలో మెరుస్తా ఉండాది."

హాలు గొల్లుమంది. "ఏంది మే ఇది, దిగు," అంటూ రామనారాయణ మెట్ల దగ్గరకు వచ్చాడు. ఏమీ అర్థంకాని పెంచలప్రసాద్ గ్లాసు అందుకుని పెదవుల దాకా తెచ్చాడు. రజిత దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుని సుస్మితకు చాపింది.

"డాన్స్ చెయ్యాల్సినోళ్లు. ముందు మీరు తాగండమ్మా."

"నాకొద్దు."

"తేనె, నిమ్మకాయే గదా."

"నీ ఉద్యోగం పోతుంది," అంది సుస్మిత, పెదవులు కదలకుండా.

"పోనీ."

సుస్మిత జడలోంచి పొడుగాటి పిన్ను లాగింది. అది రజిత మెడ దాకా వచ్చేలోపే పౌడర్ డబ్బా మొత్తం సుస్మిత కళ్లలో పడింది. రజిత సవరం పట్టుకుని గుంజింది. సవరం ఊడొచ్చింది. కాలర్ మైకు మాటలు అందుకుంటూ ఎర్ర లైటు వెలుగుతున్న రికార్డర్ టక్కున స్టేజీ మీద పడింది. రజిత దాన్ని మడమతో నుజ్జు చేసింది.

జనం మెడలు చాచి చూశారు. తర్వాత ఎవరో ఇదీ నాటకమే అనుకుని చప్పట్లు కొట్టారు. అందరూ అందుకున్నారు.

ఆ చప్పట్ల మధ్య సూటు మనిషి లేచి తలుపు వైపు తిరిగాడు. వరస నిండా జనం. దారి లేదు.

"వాడే," అంది రజిత మైకులో. "పట్టుకోండి."

"యాడికి నాయనా, ఇంకా అయిపోలేదు," అంటూ లిదియమ్మ అతని కోటు పట్టుకుంది. బయట కాపున్న మఫ్టీ పోలీసులు వచ్చేదాకా వదల్లేదు.

*

మర్నాడు శాటిలైట్ క్షేమంగా కక్ష్యలోకి చేరింది. ఆర్డరిచ్చే అవసరమే పెంచలప్రసాద్‌కు రాలేదు.

ఉదయగిరి వెనక గదిలో నరసింహ ఈసారి జిలేబీ తింటున్నాడు.

"సూటు మనిషి అంతా కక్కేశాడు. నువ్వు ఆర్డర్ తప్పావు, అయినా క్షమించాం. రిపోర్టులో సుస్మిత సహకారంతో కుట్ర భగ్నమైందని రాశాను."

"ఆమె సహకారంతోనా?"

"ఆమె మనకింకా కావాలి. ఇంకో ముఠా ఆమెను పనికి పెట్టుకోవాలని చూస్తోంది. ఆ రామనారాయణ కూడా దేశసేవ చేశానని అవార్డుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. వస్తుందేమో."

రజితకు నోట్లో చేదు ఊరింది. జిలేబీ పాకం కారుతున్న ఆ వేళ్ల వంక చూడలేక తల తిప్పుకుంది.

"వచ్చేనెల చెన్నైలో సుస్మిత ప్రోగ్రాం," అన్నాడు నరసింహ. "నువ్వూ వెళ్తున్నావు. మేకప్‌కి."

"పోతాను సార్. రేటు మాత్రం డబుల్."

"ఎందుకు?"

"ఆమెకు రెండు ముఖాలుండాయి."