సుత్తి కింద ఖాళీ

ఢాం!

ఓపల్ చెవి పక్కనే కొట్టం తలుపు చెక్క పేలిపోతుంది.

వంగుతుంది... పరుగెత్తుతుంది... గడ్డిమోపుల వెనక్కి దూకుతుంది!

మోకాలు కలుక్కుమంటుంది. యాభై ఎనిమిదేళ్ల మోకాలు. దూకడానికి పనికొచ్చేది కాదు.

బయట వయోమింగ్ మంచు. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. ఆమె ట్రక్కు వంద అడుగుల దూరంలోనే ఉంది. కానీ మధ్యలో వేడ్ స్టోకర్ ఉన్నాడు. రైఫిల్‌తో!

"బయటికి రా ఓపల్! ఒక్క సంతకం పెట్టేసి పో. దానికింత రభసెందుకు?"

"పెడతాను వేడ్! పైన 'నకిలీ' అని రాసి మరీ పెడతాను. సరేనా?"

ఢాం! గడ్డి ఎగిరి ఆమె నెత్తిన పడుతుంది.

ఓపల్ చేతిలో రివాల్వర్ ఉంది. పిడికి ఒకవైపు చెక్క లేదు. ఇనుము చేతికి చల్లగా తగులుతోంది.

ఊడిన ఆ చెక్క ఆమె కోటు జేబులో ఉంది. వేడ్‌కి ఇప్పుడు కావలసింది సంతకం కాదు... అదే!

అరగంట క్రితం ఈ రివాల్వర్ వేడ్ ఇంట్లో, భోజనాల బల్ల మీద, ఎర్ర మఖమల్ గుడ్డలో ఉంది.

"మా ముత్తాత షెరిఫ్. ఆయన నడుముకి వేలాడింది ఇదే" అన్నాడు వేడ్, కాఫీ పోస్తూ. "పద్దెనిమిది వందల డెబ్భై ఆరు నాటి కోల్ట్ రివాల్వర్! రేపు మ్యూజియం వాళ్లు వస్తున్నారు. ఒరిజినల్ అని నువ్వు రాసిస్తే చాలు."

పాత రివాల్వర్ల వయసు తేల్చడం ఓపల్ పని. ముప్ఫై ఏళ్లుగా అదే పని.

భూతద్దం పెట్టింది. ఇనుము మీద చెక్కిన నంబర్ల అంచులు మొద్దుబారి ఉన్నాయి. ఎవరో కావాలనే అరగదీశారు. తుప్పు అంతటా ఒకేలా ఉంది. నూట యాభై ఏళ్ల తుప్పు అంత బుద్ధిగా ఉండదు.

తూటాని వెనకనుంచి కొట్టే సుత్తి కొసన ఉన్న సూదిని వేలితో నొక్కింది. లోపలికి జారింది!

"పాతవాటికి ఈ సూది ఇలా జారదు వేడ్. జారి కిందపడినా పేలకుండా ఈమధ్య చేస్తున్న రకం ఇది. నకిలీ."

వేడ్ మొహం కందగడ్డ అయింది.

"అరిగి వదులైంది, అంతే! కోల్ట్ గురించి నాకు చెప్తావా? ఆరు అరలున్నా ఐదే తూటాలు పెట్టాలి. సుత్తి కింద అర ఖాళీగా ఉండాలి. లేదంటే కిందపడితే మన కాలికే పేలుతుంది. మా ఇంట్లో నడక రాగానే నేర్పేది అదే!"

ఓపల్ భూతద్దం పక్కన పెట్టింది. మర విప్పి పిడి చెక్క ఊడదీసింది. లోపలివైపు, నంబరు ఉండాల్సిన చోట, పెన్సిల్ రాత.

'నకిలీ. ఎమెట్. నవంబర్ 9.'

మళ్లీ చదివింది.

ఎమెట్... ఆమెకి ఈ విద్య నేర్పిన గురువు. నవంబర్ తొమ్మిదినే, ఈ ఇంట్లోనే, ఏదో తుపాకీ తుడుస్తుంటే అది పేలి చనిపోయాడన్నారు. ఈ కోల్ట్‌ని ఆయన చూడనేలేదని వేడ్ ఊరంతటితో చెప్పాడు.

తలెత్తింది. వేడ్ కళ్లు కూడా ఆ రాత మీదే ఉన్నాయి!

అంతే. చెక్క జేబులోకి. రివాల్వర్ చేతిలోకి. రేపు గాల్లోకి పేల్చడానికని వేడ్ తెచ్చి పెట్టుకున్న తూటాలు పిడికెడు లాక్కుని... పరుగు!

"ఆ చెక్కముక్క ఇటు విసురు!" బయట వేడ్ అరుస్తున్నాడు. "నిన్ను వదిలేస్తా!"

"ఎమెట్‌ని వదిలావా?"



"నా ఇంట్లో కూర్చుని, నా కాఫీ తాగుతూ, మా ముత్తాత తుపాకీని నకిలీ అన్నాడు ముసలాడు! ఎవడు ఊరుకుంటాడు?"

ఓపల్ కళ్లు మండుతాయి. ఏడుపు కాదు... కోపం! తూటాలు ఒక్కొక్కటే అరల్లోకి దూరుస్తుంది.

"అయితే విను వేడ్! నేనూ అంటున్నాను. నకిలీ! నకిలీ! నకిలీ!"

ఢాం! ఈసారి పేల్చింది ఆమె.

"ఒకటి!" వేడ్ నవ్వుతాడు.

ట్రాక్టర్ చాటుకి పరుగెత్తుతూ ఇంకోటి పేలుస్తుంది.

"రెండు! గురి కూడా నేర్పలేదా మీ గురువు?"

మూడోది తలుపుకి తగులుతుంది. నాలుగోది మంచులోకి పోతుంది. వేడ్ గుమ్మంలోకి తొంగిచూస్తాడు. ఐదోది వాడి టోపీని లేపేస్తుంది!

"ఐదు..."

వేడ్ గుమ్మం దాటి లోపలికి వస్తాడు. తాపీగా. రైఫిల్ కిందికి దించి, పండ్లన్నీ బయటపెట్టి.

"అయిపోయింది ఓపల్."

ఓపల్ లేచి నిలబడుతుంది. రివాల్వర్ దించదు. సూటిగా వాడి గుండెకే పెడుతుంది.

"ఆపు ఈ నాటకం!" అంటాడు వేడ్. "ఈ తుపాకీలో ఆరోది పిచ్చివాడు కూడా పెట్టడు. ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు."

"ఒరిజినల్ అయితే పెట్టరు."

"ఒరిజినలే!"

"ముప్ఫై ఏళ్లలో నా మాట ఒక్కసారి కూడా తప్పలేదు వేడ్."

వాడి నవ్వు జారిపోతుంది. చూపు సుత్తి మీదికి పోతుంది. రైఫిల్ పైకి లేస్తుంది...

ఢాం!

"ఆరు" అంటుంది ఓపల్.