సగం టిక్కెట్, ఏడో తొట్టి

జెయింట్ వీల్ ఏడో తొట్టిని పట్టి ఉంచే నట్టు మర చివరిదాకా జారిపోయి ఉందని బయటపడేసరికి, ఆ తొట్టిలో ఇద్దరు పిల్లలు కూర్చుని ఉన్నారు. తొట్టి అప్పుడే నేల విడిచి పైకి లేస్తోంది. కేక వినబడి చక్రం ఆపారు. పిల్లలు ఏడుస్తూ దిగారు. మధ్యాహ్నానికల్లా ఆ పని చేసింది ధర్మవరం సుంకన్నేనని పెనుకొండ పార్కులో అందరూ తేల్చేశారు.

విజయదశమి కావడంతో హిందూపురంలో సగం అంగళ్లు మూసి ఉన్నాయి. బైకుల స్పేర్ పార్టుల అంగడి పైన ఉన్న చిన్న ఆఫీసులో సుంకన్న భార్య ఈశ్వరి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అసిస్టెంట్ కేశవ ఆమెకు నీళ్ల గ్లాసు అందించాడు.

"తాగు. తర్వాత మొదటినుంచి చెప్పు," అంది మంజులత. హిందూపురంలో ప్రైవేట్ డిటెక్టివ్ అంటే ఆమె ఒక్కతే. జాలి చూపించడానికి తొందరపడదు, ఒప్పుకున్న కేసు మధ్యలో వదలదు. నాలుగేళ్లుగా వెంట తిరుగుతున్న కేశవకు ఆ రెండో గుణం మీద గట్టి నమ్మకం.

"మా ఆయన పట్టు మగ్గాలు బాగుచేస్తాడు మేడమ్. ఆ పార్కు పక్కన రిసార్టు ఉండాది కదా, ఆడ టైమ్‌షేర్ కొన్నాం. ఏడాదికి ఒక వారం గది మాది. పార్కులోకి సగం టిక్కెట్ అని గూడా మాటిచ్చినారు. ఇప్పుడు ఆ సగం టిక్కెట్ తీసేయాలని ఈ పొద్దు సాయంత్రం మీటింగు పెట్టినారు. నిన్న మా ఆయన అందరి ముందరా 'తీసేస్తే ఈ చక్రం ఎట్ల తిరుగుతాదో నేనూ చూస్తా' అని అరిసినాడు. నోరే గానీ చీమకు గూడా అపకారం చేయడు."

"నిన్న మీరు ఎప్పుడు చేరినారు?"

"అన్నాలయేళకి. అప్పటికే ఆయుధపూజ అయిపోయింది. గేటు కాడ గుమ్మడికాయ ముక్కలు తొక్కి మా పాప దబ్బున పడింది గూడా. మేడమ్, మీటింగు కాగానే ఆయన్ని పోలీసులకు పట్టిస్తారంట. మీరే దిక్కు."

మంజులత అప్పటికే కారు తాళం చెవి అందుకుంది.

సోమందేపల్లి దాటాక, వెనక సీటులో ఉన్న ఈశ్వరికి వినబడకుండా కేశవ అడిగాడు. "అక్కా, గది కొన్నోళ్లకు పార్కులో సగం ధర న్యాయమేనంటావా?"

"ముందు చక్రం సంగతి తేలనీ. అది తేలకుంటే మీటింగులో న్యాయం ఎవడికీ గుర్తుండదు."

పెనుకొండ కొండ కనబడేసరికి ఎండ మెత్తబడింది. పార్కు గేటు దగ్గర మంజులత కారు దిగి, లోపలికి పోకుండా అక్కడే నిలబడి చక్రాన్ని చూసింది. అన్నీ నీలం తొట్లే. ఇటువైపు వాటి వీపులు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"నంబర్లు యాడుండాయి కేశవా?"

"అవతల, కొండవైపు రాసినట్లున్నారక్కా. ఈడికి కనబడవు."

"ఊఁ," అని ముందుకు నడిచింది.

మేనేజర్ జగదీష్ ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చెవికి ఫోను. "డిటెక్టివ్ ఎందుకు మేడమ్? కేసు తేలిపోయింది. ఆయుధపూజకని నిన్నంతా చక్రం ఆపి, పొద్దున్నే పానాలన్నీ స్టోర్ రూములో అమ్మవారి ముందర పెట్టినాం. వాటిమీద పెట్టిన పువ్వు గూడా కదల్లేదు. బయటి పానా ఒకటే ఉండాది, సుంకన్న సంచిలో."

"మగ్గాలు బాగుచేసేవాడి సంచిలో పానా గాక వీణ ఉంటాదా?" అంది మంజులత. "సగం టిక్కెట్ పోతే మీకు సంతోషమేనా?"

జగదీష్ దాచలేదు. "సంతోషమే. బెంగళూరు నుంచి పూర్తి ధర పెట్టి వచ్చినోడు కౌంటర్ కాడ నన్ను నిలదీస్తాండాడు. గదికి, చక్రానికి ఏం సంబంధం? గది కొన్నారు, గదిలో పడుకోమనండి!"

కేశవ అతన్ని అనుమానంగా చూశాడు. ఈ గొడవతో లాభం ఎవరికంటే, మొదట ఇతనికే.

"పొద్దున చక్రం తిప్పింది ఎవరు?"

జగదీష్ గొంతు తగ్గింది. "నేనే తిప్పించినా. రోజూ మెకానిక్ హనుమంతు వచ్చి ఖాళీగా ఒక చుట్టు తిప్పి చూస్తాడు. పండగ గుంపు తోసుకొస్తాంటే ఆగలేకపోయినా. హనుమంతు దేవుడు మేడమ్! గేటు కాడినుంచే 'ఏడో తొట్టి ఆపండి' అని అరుస్తా పరిగెత్తుకొచ్చినాడు. లేకుంటే ఆ పిల్లోళ్లు ఈపాటికి..."

ఆఫీసు గదిలో కూర్చోబెట్టిన సుంకన్న కిటికీలోంచే అరిచాడు. "ఏమప్పా జగదీషూ, గదికీ చక్రానికీ సంబంధం లేదా? ఈడ కంపచెట్లు తప్ప ఏమీ లేనప్పుడు, పార్కు వస్తాదన్న మాట నమ్మి మా దుడ్లు పెట్టినాం! ఆ దుడ్లతో నిలబడిందే నీ చక్రం!"

"సుంకన్నా, నువ్వు నోరు మూసుకుంటే నీ కేసు సగం గెలిచినట్లే," అంది మంజులత.

చక్రం కింద యజమానురాలు రంగనాయకమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, నుదుట పెద్ద కుంకుమబొట్టు. ఆమె పక్కన మెకానిక్ హనుమంతు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాటిచ్చింది మా ఆయన. వెనక్కి తీసుకోవాలంటే నాకూ నోరు రాదు," అంది రంగనాయకమ్మ. "కానీ భూములిచ్చిన చుట్టుపక్కల ఊరోళ్లు గూడా తగ్గింపు అడుగుతాండారు. ఇద్దరికీ ఇస్తే పార్కు మూసుకోవాల్సిందే. గదులు కొన్న వాటాదారులకా, ఊరోళ్లకా, ఎవరో ఒకరికే. అందుకే మీటింగు. ఇప్పుడిట్ల పిల్లోళ్ల ప్రాణాలమీదికి తెచ్చినాక ఇంకేం మాట్లాడాల?"

"మీటింగుకు ఇంకా టైముంది," అని మంజులత మెకానిక్ వైపు తిరిగింది. "హనుమంతన్నా, నిన్న పూజ ఎట్ల చేసినారు?"

"చక్రం కడిగినాం మేడమ్. రేకు మూతలు తీసి, ఒక్కో నట్టుకు తడి గంధం, కుంకుమ పెట్టి మళ్లీ మూసినా."

"నువ్వొక్కడివేనా?"

"ఈ చక్రానికి ఇంకొకరి చేత పెట్టనీను."

"అప్పుడు ఏడో నట్టు?"

"రాయి మాదిరి బిగువుగా ఉండె. పట్టి చూసినా. పూజయినంకే ఎవురో ఇప్పినారు."

"పొద్దున్నుంచి ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదు. పోలీసులు చూడాలని తొట్టిని తాడుతో కట్టి, అట్లనే పెట్టినాం."

మంజులత సైగ చేయగానే కేశవ నిచ్చెన ఎక్కాడు. రేకు మూత తెరిచి ఉంది. ఫలకానికి ఆనుకుని ఉండాల్సిన నట్టు దూరంగా, బోల్టు కొసన వేలాడుతోంది. మధ్యలో మర బయటపడి ఉంది. నట్టు మీద కుంకుమబొట్టు. దాని కిందినుంచి గంధం సన్నటి ధారగా కారి, బయటపడ్డ మర సందుల్లోకి దిగి, గట్టిగా ఎండిపోయింది. కేశవ ఫోటో తీసి కిందికి దిగాడు. అతనికి అందులో వింతేమీ కనిపించలేదు.

మంజులత ఆ ఫోటోను చాలాసేపు చూసింది. "అందరినీ పిలువు," అంది.

కాసేపటికి చక్రం చుట్టూ జనం చేరారు. ధర్మవరం నుంచి వచ్చిన వాటాదారులు ఒకపక్క, ఊరివాళ్లు ఒకపక్క, మధ్యలో సుంకన్న చేయి పట్టుకుని ఈశ్వరి. హనుమంతు కూతురు కీర్తన పండగ పట్టులంగా సర్దుకుంటూ తండ్రి పక్కన నిలబడింది. ఆ పిల్లను చూసి మంజులత ఈశ్వరి వైపు తిరిగింది.

"ఈశ్వరమ్మా, ఈ పాపను ఆడికి, ఉయ్యాల కాడికి తీసుకుపో," అంది. ఇద్దరూ దూరం వెళ్లాక మొదలుపెట్టింది.

"సగం టిక్కెట్ ఎవరికి దక్కాలో మీరూ మీరూ తేల్చుకోండి. నట్టు వదులు చేసింది ఎవరో నేను చెప్తా. పానాలన్నీ అమ్మవారి ముందరే ఉండాయి కాబట్టి, పూజయినంక బయటి పానాతో ఇప్పినారని మీరనుకున్నారు. పూజకు ముందు అవే పానాలు పనిలోనే ఉండె గదా?"

జగదీష్ స్టోర్ రూము వైపు చూశాడు.

ఆమె ఫోను రంగనాయకమ్మకు అందించింది. "చూడండమ్మా. నట్టు బిగించి ఉంటే ఈ మర నట్టు లోపల దాక్కుని ఉంటాది. దానిమీదికి తడి గంధం ఎట్ల కారింది? గంధం పెట్టేటప్పటికే నట్టు వదులై ఉండాది. అంటే పని జరిగింది పూజకు ముందు. పూజయినంక గుమ్మడికాయ ముక్కలు తొక్కుకుంటా వచ్చిన సుంకన్న చేయగలిగిన పని కాదిది."

జనంలో గుసగుసలు లేచాయి. కేశవ మెడ చాచి మళ్లీ ఫోను వంక చూశాడు. తన చేత్తో తీసిన ఫోటోలోనే ఉంది మొత్తం! మంజులత గొంతు పెంచలేదు.

"గంధం పెట్టినోడి వేలికి ఆ వదులు తెలియకుండా పోదు. తెలిసీ 'రాయి మాదిరి బిగువు' అన్నాడు. ఇంకొక మాట. గేటు కాడ నిలబడితే తొట్ల వీపులే కనబడతాయి, నంబర్లు కనబడవు. నట్టు మీద మూత ఉండాది. ఆడినుంచి ఏడో తొట్టి అని పేరు పెట్టి అరవాలంటే, ఏడో తొట్టి సంగతి ముందే తెలిసుండాల. హనుమంతన్నా, నీకెట్ల తెలిసింది?"

అందరి చూపులూ ఒక్కసారే తిరిగాయి. హనుమంతు దూరంగా ఉయ్యాల ఊగుతున్న కూతుర్ని చూశాడు. కట్టుకున్న చేతులు జారిపోయాయి.

"నేనే చేసినానమ్మా," అన్నాడు రంగనాయకమ్మతో. "ఈ చక్రం నిలబడింది మా నాయన శెనక్కాయలేసిన చేను. మీరు ఊరికే లాక్కోలేదు, కొన్నారు. పని గూడా ఇచ్చినారు. కాదనను. కానీ మా కీర్తన పుట్టినరోజుకు చక్రమెక్కుతానంటే పూర్తి టిక్కెట్ కొని వరసలో నిలబడితిమి. మా ముందర వాటాదారుల పిల్లోళ్లు సగం టిక్కెట్‌తో పోతాండ్రి. 'నాయనా, వాళ్లకు ఈడ మనకన్నా ఎక్కువ హక్కుండాదా?' అనింది. ఒకరికే తగ్గింపు అని మీరంటిరి. మీటింగు కోపంతో వాటాదారులే చేసినారని అందరూ అంటారు, వాళ్ల పేరు చెడితే తగ్గింపు మాకొస్తాదనుకున్నా. పూజ చేసినంక పనిముట్టు ముట్టడానికి చేయి రాదు నాకు. అందుకని ముందే వదులు చేసినా. చేసినాక గంధం పెట్టకుండా గూడా ఉండలేకపోయినా. పొద్దున ఖాళీ చక్రం తిప్పేటప్పుడు నేనే కనిపెట్టినట్లు ఆపుదామనుకుంటి. గేటు కాడికి వచ్చేసరికి చక్రం తిరుగుతాండాది, మనుషులతో. సుంకన్నా, నిన్ను ఇరికించింది నేనే, నన్నేమైనా అను. కానీ ఆ గేటు నుంచి ఈడిదాకా పరిగెత్తేటప్పుడు, ఆ తొట్టిలో ఉండేది వాటాదారుల పిల్లోళ్లా, మా ఊరోళ్ల పిల్లోళ్లా అని నాకు తోచనే లేదప్పా."