మందు ముట్టని గవర్రాజు

ఆసుపత్రివాళ్ళు ఇంట్లో బిగించిన పలుకుగోడలోంచి దగ్గు వినబడగానే గవర్రాజు పెసరట్టు ముక్క పళ్ళెంలోనే వదిలేశాడు. ఆ దగ్గు తనదే. దగ్గింది మాత్రం తను కాదు, తన జంటదేహం.

క్యాన్సర్ మందుల పరీక్షల్లో సగంమందికి మందూ, సగంమందికి ఉత్తుత్తి గుళికా ఇచ్చే కాలం పోయింది. ఇప్పుడు మందు మనిషికి. పస్తు అతని ఒంటి లెక్కలతో కంప్యూటర్లో అల్లిన జంటదేహానికి. ఇద్దరినీ పక్కపక్కన చూస్తే మందు పస తేలిపోతుంది. ఎక్కడ నొప్పో జంటదేహం నోటితో చెప్పాలి గనక ఆసుపత్రివాళ్ళు గవర్రాజు పాత మాటల రికార్డింగులు అడిగారు. భార్య మంగతాయారు జబ్బుకి ముందటివి, తనని కడుపుబ్బ నవ్వించినవి ఏరి ఇచ్చింది.

అసలు గవర్రాజుకి నవ్వు ఏనాడో ఎండిపోయింది. కణితి గణితంలో పడ్డాడు. గొంతు గరగరమన్నా గుండె జారిపోయేది. కళ్ళు పచ్చబడ్డాయేమో చూడమని భార్యని గంటకోసారి వేధించేవాడు. గోడలో ఉన్నవాడు మాత్రం ఆయాసపడుతూనే అనేవాడు:

"మందు ముట్టనని పెళ్ళిలో నీకు మాటిచ్చాను కదే మంగా. చూడు, ఎంత నిష్ఠగా ఉన్నానో."

ఆవిడ నవ్వేది, వెంటనే పమిట చెంగుతో కళ్ళొత్తుకునేది. కూరలు తరగడం కూడా గోడ దగ్గరికే మార్చేసింది. గోడ గొంతు తగ్గించమని గవర్రాజు విసుక్కుంటే, పాపం ఆయనకి ఇంకెవరున్నారంది. గోడ ఆపేయమని అతను డాక్టరుని బతిమాలాడు. జంటని ఆపితే మీ మందూ ఆగిపోతుందని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. గవర్రాజు గుళిక మింగాడు.

చివరికి ఓ ఉదయం ఆసుపత్రికి రమ్మన్నారు. వెళ్ళాడు. కణితి ఆనవాలు లేదన్నారు. జంటదేహం తెల్లవారుజామునే ఆగిపోయిందనీ, మందు లేకపోతే మీకూ ఇదే ఆఖరి రోజనీ చెప్పారు.

ఇంటికొచ్చేసరికి గోడ నల్లగా ఉంది. దాని ముందు మంగతాయారు, ఒళ్ళో సగం ఒలిచిన చిక్కుళ్ళతో. సంగతి చెప్పాడు. ఆవిడ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇన్నాళ్ళకి గవర్రాజు నోట్లో ఓ చమత్కారం కదిలింది.

"నీ కాఫీ తాగి బతికినవాణ్ణి మంగా, కణితి నన్నేం చేస్తుంది?"

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది.

"ఆయన మొన్ననే అన్నారండీ ఈ మాట," అంది. "అంత నొప్పిలోనూ అన్నారు."